పైనున్న మోకాళ్ళ మందు

ఏనుగుకొండ మీది కోటలో ఉండే రాజు మల్లభూపతికి ఒక పొద్దున ఉన్నట్టుండి శాలువా కప్పాలని బుద్ధి పుట్టింది. ఎవరికంటారా, వైద్యనిధి అధికారి వరదప్పయ్యకి.

కొలువులో ఉన్నన్నాళ్ళూ నౌకర్ల జీతంలో కొంత కోసి ఆ నిధిలో వేస్తారు. కొలువు దిగాక రోగమొస్తే అందులోంచి వైద్యం చేయించాలి.

"ఈ ఏడు మోకాళ్ళ నొప్పని ఒక్క ముసలాడూ రాలేదు ప్రభూ. అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు," అని మీసం దువ్వాడు వరదప్పయ్య.

రాజుకి తమలపాకులు చుట్టిచ్చే చెంగప్పకి ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళు పల్లకీ మోసిన పోలయ్య మోకాళ్ళు వాచిపోయి కొండ కింద కూలబడి ఉన్నాడు మరి. అయినా చెంగప్ప నవ్వుమొహంతోనే ఆకు అందించాడు.

"ఇంత ఘనకార్యం నలుగురూ వినొద్దా ప్రభూ? కిందికెళ్ళి ముసలాళ్ళ ముందు పొగుడుదాం. పైకొచ్చి సభలో కప్పుదాం."

"సరే, నడిచే పోదాం," అన్నాడు రాజు. రాజు నడుస్తుంటే ఇంకెవరూ పల్లకీ ఎక్కకూడదు. వరదప్పయ్య శాలువా తలుచుకుంటూ మెట్లన్నీ గబగబా దిగేశాడు.

కింద చేరిన ముసలాళ్ళలోంచి పోలయ్య కర్ర ఊతంతో ఎదురొచ్చి అర్జీ చాచాడు. "నిలబడలేకపోతున్నాను బాబూ. వైద్యం చేయించండి."

"ఇక్కడ చెల్లదు," అన్నాడు వరదప్పయ్య. " పైన నా గదికి నువ్వే నడిచొచ్చి ఇవ్వాలి."

"ఎక్కలేకపోతే?" అమాయకంగా అడిగాడు చెంగప్ప.

"అర్జీ రాలేదని రాసుకుంటాం."

"ఎక్కితే?"

"రెండొందల మెట్లెక్కినవాడికి మోకాళ్ళ నొప్పేమిటయ్యా? కొట్టేస్తాం."

రాజు ఏదో అనబోయి నోరు తెరిచాడు. చెంగప్ప ఆ నోట్లో ఇంకో ఆకు పెట్టి, "ముందు పైకి పదండి ప్రభూ," అన్నాడు.

పాతిక మెట్లు ఎక్కేసరికి వరదప్పయ్య చతికిలబడ్డాడు. "మోకాళ్ళు పట్టేశాయి ప్రభూ. వైద్యుణ్ణి పిలిపించండి."

చెంగప్ప వంగి, ఎంతో వినయంగా, కిందిదాకా వినపడేలా అన్నాడు:

"అర్జీ పెట్టుకోండి అయ్యగారూ. పైన మీ గదిలోనే తీసుకుంటారు. నడిచే రావాలి సుమండీ."

కింద ముసలాళ్ళు పకపకా నవ్వారు. రాజైతే నవ్వలేక నమిలే ఆకు మింగేశాడు.

"వైద్యుణ్ణి పోలయ్య దగ్గరికి పంపండి. నిధి గదిని కొండ కిందికి దించండి," అని, శాలువా తెప్పించి చెంగప్ప భుజాన కప్పాడు. "వరదప్పయ్య సంగతి, అతను పైకొచ్చాక చూద్దాం."