పూతరేకుల ఇంట్లో షుగరు

ఆత్రేయపురంలో తెలివి ఎక్కువై ఇబ్బంది పడే ఇల్లు ఏదైనా ఉందంటే అది బుల్లబ్బాయిదే. ఈ మాట ఊరు అనలేదు, బుల్లబ్బాయే అన్నాడు. పెళ్ళాం వరహాలమ్మ "ఆయ్, నిజమేనండీ" అంది. బావమరిది పేరయ్య అయితే, ఉన్న తెలివి గాలికి ఎక్కడ ఎగిరిపోతుందోనని తలకు తువ్వాలు విప్పకుండా తిరిగేవాడు. ముగ్గురూ కలిసి పూతరేకులు చేసి అమ్ముకునేవారు.

అంతా బాగుందనుకుంటుండగా బుల్లబ్బాయికి షుగరు తేలింది. ఇంకేముంది, మనిషి సగమైపోయాడు. పూతరేకులు చుట్టేవాడికి షుగరేంట్రా అని నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. లోకంలో ఈ జబ్బు తనొక్కడికే వచ్చిందనీ, ఇక తన పని అయిపోయిందనీ లోలోపల కుమిలిపోయాడు. చూడలేక ఆసుపత్రి నర్సమ్మ అతన్ని ఓ వాట్సాప్ గ్రూపులో చేర్పించింది. దాని పేరు 'చేదోడు'. అందులో అందరూ షుగరువాళ్ళే. ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు, తెలిసిన ఉపాయం నలుగురికీ చెబుతారు.

"అబ్బో, ఇంతమందిమా!" అని బుల్లబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ మాట పొల్లు పోకుండా వింటానని పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చెయ్యి చురుక్కుమంది, అది వేరే సంగతి.

ముందుగా నరసరావుపేట నుంచి జుబేదా టీచరు రాసింది, "తీపి కంటికి కనపడకుండా చూసుకోండి" అని. పూతరేకుల ఇల్లాయె, ఎటు చూసినా పంచదారే. పేరయ్య గడ్డం గోక్కున్నాడు.

"ఇంత సరుకు ఎక్కడ దాస్తాం బావా? కళ్ళయితే రెండే కదా, వాటిని దాచేస్తే పోలా?"

అంతే, బుల్లబ్బాయి కళ్ళకు గంతలు కట్టేశారు. అతను తడుముకుంటూ వెళ్ళి పీట అనుకుని ఓచోట కూర్చున్నాడు. పీట కరకరలాడింది. పొద్దుటినుంచి వరహాలమ్మ తీసి పేర్చిన రేకులన్నీ పొడైపోయాయి.

"పోన్లెండి, మీకేం కనపడలేదుగా. వైద్యం పనిచేస్తోందండీ!" అని ఆవిడ సంబరపడింది.

మర్నాడు చీపురుపల్లి అప్పన్నగారు "తిన్నాక కాస్త నడవండి" అని రాశాడు. బుల్లబ్బాయి మాత్ర వేసుకుని, ఒక ముద్ద తిని లేచాడు.

"అప్పుడే లేచారేంటండీ?"

"తిన్నాను కదే!"

"ఒక్క ముద్దేగా?"

"ముద్ద తింటే తిన్నట్టు కాదా? తెలివిగా మాట్లాడు."

కళ్ళ గంతలతోనే వీధి చివరిదాకా వెళ్ళొచ్చి రెండో ముద్ద తిన్నాడు. మళ్ళీ నడక. చెయ్యి పట్టుకుని పేరయ్య, వెనకాల కంచంతో వరహాలమ్మ. ఇంతలో ఓ మేక వచ్చి కంచం ఖాళీ చేసేసింది. "ఇదీ తింది బావా, దీన్నీ నడిపించాలి" అంటూ పేరయ్య మేకను తోలుకుపోయాడు.

కడుపులో రెండు ముద్దలు, ఒంట్లో మాత్ర. ఇంటికొచ్చేసరికి బుల్లబ్బాయికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, మాట తడబడింది. వరహాలమ్మ గొల్లుమంది. ఆ ఏడుపంతా ఫోన్లోనే ఏడ్చి గ్రూపుకి పంపింది. వెంటనే టీచరు ఫోన్ చేసింది.

"షుగరు బాగా పడిపోయుంటుంది వరహాలమ్మగారూ! మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి!"

"అమ్మో, తీపి వద్దన్నది మీరే కదండీ!"

"అది ఎక్కువున్నప్పుడమ్మా. ఇప్పుడు తగ్గిపోయింది. నాకూ ఇలాగే అయింది, అందుకే చెబుతున్నాను. తాగించు తల్లీ, నేను ఫోన్ పెట్టను."

'నాకూ' అన్న ఆ ఒక్క మాటతో వరహాలమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. తాగించింది. కాసేపటికి వణుకు తగ్గింది. సంగతంతా విన్న టీచరు నవ్వాపుకుని, గంతలు విప్పించి, కడుపునిండా తినడం అయ్యాకే ఒక్కసారి నడవమంది.

బుల్లబ్బాయి ఫోన్ చూసుకుంటే దాన్నిండా పలకరింపులే. "ఎలా ఉన్నారు?" "అన్నం తిన్నారా?" "భయపడకండి, మేమున్నాం." ముక్కూ మొహం తెలియనివాళ్ళు! అతను వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాకోసం ఇంతమంది కంగారుపడ్డారే వరాలూ! వీళ్ళకేదైనా కష్టమొస్తే ఊరుకుంటానా?"

కొన్నాళ్ళకు ఆ అవకాశం రానే వచ్చింది. "చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి" అని అప్పన్నగారు గ్రూపులో రాశాడు. చీపురుపల్లిలో వాళ్ళావిడ అప్పటికే గ్లాసు అందించేసింది కానీ, ఆ సంగతి మనవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

"ఒసేయ్, పంచదార!" అని కేకేశాడు బుల్లబ్బాయి. నీళ్ళు కలిపారు. ఫోన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"నోరెక్కడుందిరా దీనికి?"

"ఇదిగో బావా, ఈ అడుగు కన్నం. రోజూ కరెంటు దీంట్లోంచే కదా తాగుతుంది!"

చెంచాతో బొట్టుబొట్టుగా పోశారు. ఫోన్ ఒక్కసారి గజగజ వణికింది, తళుక్కుమంది, ఆరిపోయింది.

"అయ్యయ్యో, ఏమైందండీ?" అంది వరహాలమ్మ.

"హుష్! అరవకు" అన్నాడు బుల్లబ్బాయి, ఫోన్ మూతి తుడుస్తూ. "వణుకు తగ్గింది. ఇప్పుడే నిద్రపట్టింది పాపం. దుప్పటి పట్రా."