ఓబన్న ఎత్తిన చెయ్యి

అనగనగా ఒక పట్నం. మన తాతల తాతలు కూడా దాని సంగతి వాళ్ళ తాతల నోటే విన్నారట. ఎంత పెద్ద పట్నమంటే, పొద్దున ఈ కొసన పుట్టిన గొడవ ఆ కొసకు చేరేసరికి ఇక్కడ రాజీ కూడా అయిపోయేది. పట్నం నడుమ ఏరు. ఇవతలి ఒడ్డున కోట, మేడలు, అంగళ్ళు. అవతలి ఒడ్డున ఇటుక బట్టీలవాళ్ళు, చేపలవాళ్ళు, చాకళ్ళు. పట్నం ఒకటే, ఒడ్లు రెండు.

ఆ పట్నంలో ఈడొచ్చిన పిల్లలు వీధికొక మంద. చేతికి పని లేదు, నోటికి చదువు లేదు. గోడలెక్కడం, తన్నుకోవడం, తిట్లు తినడం, ఇదే పని. పెద్దలకు దిగులు పుట్టి సభ చేశారు. పొద్దున కూర్చున్నారు, మధ్యాహ్నం కూర్చున్నారు, సాయంత్రం కూడా కూర్చున్నారు. పెద్దలు కూర్చున్నారంటే ఒక పట్టాన లేవరు కదా! చివరికి మంచి ఏర్పాటే చేశారు, కాదనకూడదు. మూడు సాలలు కట్టించారు. ఒకటి రాతా లెక్కలూ నేర్పే చదువుల సాల. ఒకటి ఇనుమూ రాయీ కర్రా చేత పట్టించే పనుల సాల. ఒకటి ఆకూ వేరూ నేర్పే వైద్యుల సాల.

పదిహేనో ఏడు నడుస్తున్న పిల్లలందరూ, ఆడైనా మగైనా, ఏ వీధివాళ్ళైనా, శ్రావణ పున్నమినాడు కోటలోకి వచ్చి నిలబడాలి. ఎవరికి ఏది తగునో గురువులు చూసి చేర్చుకుంటారు. కూడూ గుడ్డా పట్నానివే. కానీ ఆ ఒక్కరోజే. ఆ రోజు తప్పితే మళ్ళీ లేదు. పదహారో ఏట వచ్చి ఏడ్చినా తీసుకోరు.

మూడు సాలలూ ఇవతలి ఒడ్డునే కట్టారు. ఏర్పాటు చేసినవాళ్ళ ఇళ్ళన్నీ ఇటే మరి. శ్రావణంలో ఏరు పొంగుతుందని వాళ్ళకు తెలియక కాదు. ఆ రోజు వాళ్ళలో ఎవరికీ ఏరు దాటే పని లేదు, అంతే.

కోట వాకిలి పైన బురుజు. బురుజు మీద నగారా. నగారా వెనక ఓబన్న. బక్కపలచని మనిషి, పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ఆ రోజు మూడు దెబ్బలు కొట్టాలి. మొదటి దెబ్బకు వాకిలి తెరుస్తారు. రెండో దెబ్బకు పిల్లలకు అన్నం పెడతారు. పొద్దు వాలి బురుజు నీడ వాకిటి బండను తాకగానే మూడో దెబ్బ. దానితో వాకిలి మూస్తారు.

నగారాకు కట్టుబాటు ఉంది. మొదటి దెబ్బ వేసిన చెయ్యే మూడోదీ వెయ్యాలి. ఎత్తిన కోలను దెబ్బ వెయ్యకుండా దించకూడదు. మూడు దెబ్బలూ పడేదాకా వాయించేవాణ్ణి ఎవరూ ముట్టకూడదు. వెనకెప్పుడో యుద్ధంలో ఇద్దరు పోటీపడి వాయించి సొంత సైన్యాన్నే తికమక పెట్టారట. అప్పటి నుంచీ ఈ కట్టుబాటు.

మొదటి ఏడు ఓబన్న మూడో దెబ్బ కొట్టాడు. కొట్టి తల తిప్పితే ఏటి ఇసుకలో పిల్లలు పరుగెత్తి వస్తున్నారు, తడిసిన బట్టలతో. వాకిలి వాళ్ళ ముక్కుల ముందే మూసుకుంది. ఒక పిల్లవాడు తలుపుకు నుదురు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. 

రెండో ఏడు ఓబన్న ముందే చూశాడు, పిల్లలు పుట్లలో, అంటే బుట్ట పడవల్లో, ఏరు దాటుతున్నారు. బురుజు మీదినుంచి తప్ప ఏరు ఇంకెక్కడినుంచీ కనబడదు. కింద ఉన్న పారుపత్యదారుకు, అంటే ఆ రోజు పెత్తనమంతా తనదే అయిన దొరకు, కేకేసి చెప్పాడు.

"సామీ, ఏట్లో పుట్లుండాయి. పిల్లోళ్ళు వస్తా ఉండారు. రోంతసేపు ఆగుదామా?"

"నీడ బండను తాకిందా లేదా?"

"తాకింది సామీ."

"తాకితే కొట్టు!"

ఓబన్న కొట్టాడు. నడి ఏట్లో ఉన్నవాళ్ళు ఆ దెబ్బ విని తెడ్లు వెయ్యడం మానేశారు. పుట్టి ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఆ గుండ్రని బుట్టలో పిల్లలు ఒక్కొక్కరే మొహం ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి వెనక్కి పోయారు. ఆ ఏడంతా ఓబన్న కళ్ళు మూస్తే అదే కనబడేది.

మూడో ఏడు వచ్చింది. ఏరు ఎర్రగా పొంగింది. నీడ బండను తాకేసరికి పుట్లు ఇంకా అవతలి సగంలోనే ఉన్నాయి. ముందు పుట్టిలో ఒక పిల్ల నిలబడి తెడ్డు వేస్తోంది. ఆ పిల్ల పేరు సుంకులు. పేరు ఓబన్నకు అప్పుడు తెలియదు.

"కొట్టరా ఓబన్నా!"

ఓబన్న కోల ఎత్తాడు. అదేం పుల్ల అనుకున్నారు? రోకలంత కోల! ఎత్తాడు, నగారా మీద పట్టి ఆగాడు.

"కొట్టవేమిరా?"

"కొడ్తా సామీ. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది కదా."

"కొట్టకుంటే దించు! ఇంకొకడు కొడతాడు."

"దించకూడదు సామీ. ఇంకొకరు కొట్టకూడదు. కట్టుబాటు."

పారుపత్యదారు మొహం మాడింది. బంట్లు మెట్లెక్కి వచ్చారు, వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముట్టకూడదు మరి! వాకిట్లో జనం అల్లరి మొదలుపెట్టారు. "మా పిల్లలు పొద్దుననగా వచ్చినారు, నీకేం పోయేకాలమయ్యా?" అని తిట్టారు.

ఓబన్న వినడం లేదు. కోల బరువుకు చెయ్యి వాలుతోంది. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టాడు. కోల జారి తోలు మీద పడిందా, అదే మూడో దెబ్బ. వాకిలి మూస్తారు. వాళ్ళ పదిహేనో ఏడు అక్కడితో సరి. భుజంలో నిప్పు పోసినట్టుంది. భయమూ వేసింది ఓబన్నకు. ఏట్లో పిల్లలకు భయం, తన మెడకు భయం, అన్నిటికన్నా తన చేతికి భయం.

"కొట్టవేమిరా?" రెండోసారి.

"ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది కదా సామీ."

అప్పుడు వెనక పుట్టి ఏట్లోని రాతికి కొట్టుకుని వాలిపోయింది. పిల్లలు నీళ్ళలో పడ్డారు. ఓబన్న గొంతు చించుకుని అరిచాడు. "అయ్యో, మునుగుతుండారు! పట్టుకోండ్రా! ఆ పిల్ల తెడ్డు పట్టుకోండ్రా!"

వాకిట్లో గోల ఆగిపోయింది. జనానికి ఏరు కనబడదు, ఓబన్న మొహమే కనబడుతుంది. తిట్టిన గొంతులే అడిగాయి.

"ఓబన్నా, యాడుండారు?"

"ఆ పిల్ల పుట్టి తిప్పింది... తెడ్డు చాపింది... ఒకడు పట్టుకున్యాడు."

"ఇంకెవరైనా ఉండారా?"

"ఉండారు. ఇద్దరు. ఎత్తుకుంది ఒకర్ని."

"ఇంకెవరైనా ఉండారా?"

ఓబన్న నీళ్ళకేసే చూస్తున్నాడు. కొరుక్కున్న పెదవి నుంచి నెత్తురు కారుతోంది. కోల తోలుకు జానెడు దూరానికి వాలింది. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తాడు.

"కొట్టవేమిరా?" మూడోసారి. ఈసారి దొర గొంతులో ఊపు లేదు.

"ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే..." అని, మాట పూర్తి కాకుండానే ఏడ్చేశాడు ఓబన్న. "గట్టెక్కినారు సామీ! అందరూ గట్టెక్కినారు!"

జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు. బురదతో, నీళ్ళతో, చెప్పుల్లేని కాళ్ళతో పిల్లలు వాకిలి దాటారు. అందరికన్నా వెనక సుంకులు. ఆ పిల్ల లోపల కాలు పెట్టాక ఓబన్న కోల వదిలేశాడు. కొట్టలేదు, వదిలాడంతే. అదే దెబ్బ. వాకిలి మూశారు.

కొలువు ఆ రోజే పోయింది. చెయ్యి కూడా పోయినట్టే, మళ్ళీ భుజం దాటి లేవలేదు. ఓబన్న కోట గోడ పక్కన గుడిసెలో బతికాడు. వైద్యుల సాలలో చేరిన సుంకులు వారం వారం వచ్చి ఆ చేతికి తైలం రుద్దేది. "తగ్గుతుందా అమ్మీ?" అని అడిగితే "తగ్గదు తాతా, నొప్పి మాత్రం తగ్గిస్తా" అనేది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

ఓబన్న పోయినరోజు అవతలి ఒడ్డు నుంచి వచ్చి చదువుకున్న ప్రతి మేస్త్రీ, ప్రతి కమ్మరీ, ప్రతి లేఖరీ పాడె కింద భుజం పెట్టడానికి తోసుకున్నారు. పారుపత్యదారు కూడా వచ్చాడు. ఆ ఏడు నుంచే కట్టుబాటుకు ఇంకొకటి కలిసింది.

ఇప్పుడు ఆ ఏటికి వంతెన పడింది. పుట్టెక్కేవాళ్ళు లేరు. అయినా శ్రావణ పున్నమినాడు వాయించేవాడు మూడో దెబ్బకు కోల ఎత్తి ఆగుతాడు. వాకిట్లో జనమంతా ఏటివైపు తిరిగి "ఇంకెవరైనా ఉండారా?" అని కేక వేస్తారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. దాన్ని ఓబన్న పిలుపు అంటారు.

చాలా ఏళ్ళు జవాబు రాలేదు. ఉత్త ఆచారమని కుర్రకారు నవ్వుకునేవాళ్ళు కూడా. ఒక ఏడు మూడో కేక తరవాత, వంతెన ఆ చివర నుంచి సన్నగా వినబడింది.

"ఉండా! నేనొకదాన్నుండా!"

బట్టీల పిల్ల, కుంటి కాలు. వాయించేవాడు చెయ్యి దించలేదు. జనం కదల్లేదు. ఆ పిల్ల వంతెనంతా నడిచి, వీధంతా నడిచి, వాకిలి దాటింది. అప్పుడు కొట్టాడు.