కాటుకకు ఓపిక నేర్పిన దండనాయకుడు

"నా మాట కొండల అవతల కూడా చెల్లుతుంది. నా వసారాలో రెండు కుక్కల దగ్గర మాత్రం చెల్లడం లేదు," అన్నాడు చిత్రగిరి రాజు మాధవపాలుడు, నిండు సభలో. "సభ ముగిసేలోగా దీనికో దారి చెప్పండి. గొలుసులు వెయ్యడానికి వీల్లేదు."

ఎవరూ నవ్వలేదు. రాజుగారు నిజంగానే నొచ్చుకుని ఉన్నారు.

ఆ రెండింట్లో పెద్దది కాటుక. పదేళ్ల నల్ల వేటకుక్క. ఒకప్పుడు అడవిపంది రాజు మీదికి వస్తే అడ్డం దూకి ఆయన్ను బతికించింది. దాని భుజం మీద ఆ మచ్చ ఇంకా ఉంది. రెండోది పిడుగు. పొరుగురాజు కానుకగా పంపిన మూడు నెలల పిల్ల. నిద్ర లేచింది మొదలు కాటుక చెవులు లాగడం, తోక పట్టుకుని వేలాడటం, మీదెక్కి దొర్లడం, ఇదే దాని పని. నెల రోజులు చూసి చూసి, నిన్న సాయంత్రం కాటుక దాన్ని ఒక్కసారి కరవబోయింది. గాటు పడలేదు గానీ, పిల్ల మాత్రం కోటంతా వినబడేలా ఏడ్చింది.

దండనాయకుడు రుద్రప్ప లేచాడు. రాజ్యంలో ఆయన మీసాలంత పెద్ద మీసాలు ఇంకెవరికీ లేవు. ఆ సంగతి ఆయనా మరిచిపోడు, ఇంకొకర్నీ మరిచిపోనివ్వడు.

"ఆలోచించడానికేముంది ప్రభూ? ముసలిదానికి బుద్ధి చెడింది. ఇవాళ పసికూనకు పళ్లు చూపింది. రేపు యువరాణిగారికి చూపదని ఏమిటి నమ్మకం? అడవికోటకు పంపించెయ్యండి."

రాజు ముఖం వాడిపోయింది. అడవికోట చలికి కావలివాళ్లే తట్టుకోలేరు. ముసలికుక్క అక్కడ ఈ మాఘం దాటదు. కానీ కూతురి పేరు వచ్చేసరికి కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు.

అప్పుడు ద్వారం దగ్గరనుంచి బంగారక్క ముందుకొచ్చింది. కోటలో కుక్కల ఆలనాపాలనా ఆవిడదే. కాటుకను కళ్లు తెరవని కూనగా ఉన్నప్పటినుంచి సాకింది.

"దొరగారన్నది నిజమే ప్రభూ. కాటుకకు ఓపిక తక్కువ. నేర్పేవాళ్లు లేకపోయారు."

"నువ్వున్నావుగా?" అన్నాడు రాజు.

"నాకే లేదు, దానికేం నేర్పను? ఓపికంటే దండనాయకులవారిది. వారు ఒక్క గడియ చాప మీద కూర్చుని, పసివాళ్ల ఆటను పెద్దలెలా ఓర్చుకోవాలో చూపిస్తే, కాటుక చూసి నేర్చుకుంటుంది. అప్పటికీ నేర్వకపోతే నేనే దాన్ని అడవికోటకు తోలుకుపోతాను."

రుద్రప్ప ఛాతీ విరుచుకున్నాడు. "గడియేమిటి, పూటంతా కూర్చుంటాను. ఏనుగు తొక్కినా నోరెత్తని మనిషిని."

రాజుకు సరదా పుట్టింది. సభ మధ్యలో చాప పరిపించాడు. రుద్రప్ప బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బంగారక్క కాటుకను ఎదురుగా కూర్చోబెట్టి పిడుగును వదిలింది.

పిడుగుకు ముందు రుద్రప్ప నడికట్టు కుచ్చు దొరికింది. గుంజి గుంజి దారాలు పీకింది. రుద్రప్ప చిరునవ్వు నవ్వి తల పక్కకు తిప్పుకున్నాడు.

"చూడవే కాటుకా," అంది బంగారక్క. "ముందు మొహం తిప్పుకోవాలి."

తరవాత కాలి బొటనవేలు దొరికింది. పిల్లపళ్లు సూదుల్లా ఉంటాయి. రుద్రప్ప చాప అంచుకు జరిగాడు.

"రెండోది, పక్కకు జరగాలి."

పిడుగు వెనక్కి వెళ్లి ఉత్తరీయం పట్టుకుని వేలాడింది. పట్టు పర్రుమని చిరిగింది. రుద్రప్ప పళ్లు బిగించి, "ఊఁ..." అన్నాడు.

"మూడోది, గొంతులో గుర్రుమనాలి."

సభలో అక్కడక్కడ దగ్గులు వినిపించాయి. రాజు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంతలో పిడుగు ఒళ్లోకి దూకింది. పైన ఊగుతున్నవి చూసింది. ఎగిరి కుడి మీసం పట్టుకుంది.

"ఛీ, పో అవతలికి," అని రుద్రప్ప సింహంలా గర్జించి చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి దిగేలోపే బంగారక్క పిల్లను ఎత్తి చంకనేసుకుంది.

"ప్రభూ, కాటుక కూడా సరిగ్గా ఇదే వరసలో చేసింది. అది నెల రోజులు ఓర్చుకుంది, దొరగారు పావుగడియ. ఇప్పుడు అడవికోటకు ఎవర్ని పంపమంటారు?"

సభంతా పగలబడి నవ్వింది. రాజుకు నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి.

"ఎవరూ వెళ్లరు," అన్నాడు కాస్త తేరుకుని. "మరి దారి చెప్పు."

"తప్పు నాది ప్రభూ. గుర్రుమనడం కాటుకకున్న ఒకే మాట. అదీ వద్దంటే ఇక మిగిలేది పళ్లే. కాటుక మొహం తిప్పుకున్నప్పుడే నేను పిల్లను తీసుకుపోవాల్సింది. ఇకనుంచి ఆట ముదరకముందే తీసుకుపోయి వేరే గదిలో పడుకోబెడతాను. నిద్ర చాలకపోతేనే అది అలా పిచ్చెత్తినట్టు కొరుకుతుంది. అవి కలిసున్నంతసేపూ మాలో ఒకరం పక్కనే ఉంటాం. కాటుకకు మాత్రం, పిల్ల ఎక్కలేని మోకాలెత్తు బల్ల ఒకటి కావాలి. విసుగొస్తే దాని మీదికి పోయి పడుకుంటుంది."

రాజు తన చేతి కంకణం తీసి బంగారక్క చేతిలో పెట్టాడు. వడ్రంగిని పిలిపించి, వసారాలో బల్ల చెయ్యమని అప్పటికప్పుడే ఆజ్ఞ వేశాడు.

చాప మీద రుద్రప్ప ఇంకా మీసం సర్దుకుంటూనే ఉన్నాడు. చంకలోంచి పిడుగు ఆ మీసాన్నే చూస్తోంది. ఆయన ఆ చూపు చూశాడు.

"ప్రభూ," అన్నాడు నెమ్మదిగా, "ఆ బల్లలేవో రెండు చెయ్యమనండి."