చదువు సారె

రంగస్వామిని ఆ ఏడాది పొడుగునా పట్టి పీడించింది ఒక వెదురు బుట్ట.

అతను మఠానికి వచ్చి ఆరేళ్లయింది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు పటాలంలో స్టోర్లు చూశాడు. ఏ గుడారానికి ఎన్ని మేకులు, ఏ చొక్కాకి ఎన్ని గుండీలు అన్నది ఎప్పుడడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. పింఛను పుచ్చుకుని ఊరికొచ్చాక ఒకసారి ఊసుపోక మఠం వైపు వెళ్లాడు. గురువు ఓబులయ్య వెదురు చీలుస్తూ, వచ్చినవాణ్ణి రమ్మనీ పొమ్మనీ అనకుండా తన పని తాను చేసుకుంటున్నాడు. ఆ తీరు నచ్చి రంగస్వామి అక్కడే ఉండిపోయాడు.

ఓబులయ్య మేదరి. నల్లమల అంచున ఆయన మఠమంటే మూడు రేకుల గదులు, ఒక వంటపాక, వెదురు బొంగులు పేర్చిన చావడి, అంతే. డెబ్భై దాటినా బుట్టలల్లే బతుకుతున్నాడు. ఉపదేశాలు బహు తక్కువ. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే ఆయన నోరు తెరిచేలోపు బుట్టకి అంచు కట్టడం పూర్తయ్యేది, అడిగినవాడికి బస్సు వేళయ్యేది.

ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి పిల్లలైనా పైచదువుకి ఊరు దాటుతుంటే మఠం నుంచి మూత బుట్ట ఒకటి వెళ్తుంది. గురువు అల్లుతాడు, శిష్యులు నింపుతారు. కొత్త కోడలి వెంట సారె వెళ్లినట్టు వెళ్తుంది కాబట్టి జనం దాన్ని చదువు సారె అంటారు. నింపే పని నాలుగేళ్లుగా రంగస్వామిది. ఆ పని అతని చేతికొచ్చాక బుట్ట మూతకి లోపలివైపు జాబితా అతికించడం కూడా మొదలైంది.

ఇక పీడ సంగతి. పల్లెలో బాలకోటమ్మ అని ఒక పిల్ల ఉంది. తండ్రి లేడు, తల్లి మిరప చేలల్లో కూలికి పోతుంది. వాళ్ల వీధిలో ఇంటరు గట్టెక్కిన మొదటి పిల్ల అదే. నిరుడు కర్నూల్లో నర్సింగు సీటు వస్తే మఠం నుంచి బుట్ట వెళ్లింది, ముప్ఫైరెండు వస్తువులతో. ఎనిమిదో రోజున ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని పిల్ల తిరిగొచ్చేసింది.

ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగారు. లేదంది. తిండి సరిగా లేదా అంటే, బాగానే ఉందంది. "ఉండలేకపోయాను బాబాయ్," అని రంగస్వామితో మాత్రం చెప్పి తల దించుకుంది.

కాలేజీ ప్రిన్సిపాలమ్మ మంచిది. మరుసటేడు మళ్లీ చేర్చుకుంటామనీ, ఈసారి కూడా వెళ్లిపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ ఉత్తరం రాసింది. మేనమామ అయితే చదువూ సంధ్యా చాల్లే అని అప్పుడే మిరప నాట్లకి పిలుచుకుపోయాడు. తల్లి ఒక్కతే పట్టు వదల్లేదు. ఈ ఒక్కసారికీ చూద్దామని అన్న కాళ్లు పట్టుకుని గడువు తెచ్చుకుంది.

తిరిగొచ్చిన బుట్టని రంగస్వామి ఆ రోజే విప్పి చూశాడు. పచ్చడి జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. సూదుల పొట్లం చింపలేదు. తాడు చుట్ట విప్పలేదు. ఇచ్చినవన్నీ ఉన్నాయి గనుక, ఇవ్వనిది ఏదో ఉండి ఉంటుందని అతను తీర్మానించుకున్నాడు. పటాలంలో దళం వెనక్కి వస్తే ముందు స్టోరువాణ్ణే నిలదీస్తారు. పద్దెనిమిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆ ఏడాదంతా సెలవులకి వచ్చిన పిల్లల్ని పట్టుకుని, అక్కడ మీకు ఏం తక్కువైందని అడిగి తెలుసుకున్నాడు. ఒకడు దోమతెర అన్నాడు. ఒకతె తలనొప్పి మాత్రలంది. కరెంటు ప్లగ్గు మంచానికి దూరమని ఇంకొకతె చెప్పింది. అడిగినవాళ్లు విసుక్కున్నా అతను విసుక్కోలేదు. ముప్ఫైరెండు కాస్తా శ్రావణం వచ్చేసరికి అరవై ఒకటయ్యాయి. చెప్పు తెగితే కుట్టుకునే దబ్బనం కూడా ఉంది అందులో.

ప్రయాణం రేపనగా సాయంత్రం బుట్టని చావడిలో గురువు ముందు పెట్టి మూత తీశాడు. వస్తువులన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగి, వేలు పెట్టే సందు లేకుండా అమరాయి. ఆ మనిషి పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

"ఈసారి ఆ పిల్ల ఎవరి గడపా ఎక్కక్కర్లేదయ్యా," అన్నాడు రంగస్వామి. "ఎవర్నీ దేహీ అనక్కర్లేదు. నెల రోజులు గదిలోంచి కదలకపోయినా గడిచిపోద్ది."

"కదలకపోయినానా?"

"కదలకపోయినా సరే."

ఓబులయ్య బుట్ట వంకా, శిష్యుడి వంకా చూసి, లేచి లోపలికి వెళ్లాడు. గురువు నోట మెప్పు రాకపోయినా తప్పు పట్టలేదు గదా అని రంగస్వామి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి తొమ్మిదింటికి బస్సు. ఎనిమిదికి రంగస్వామి స్నానం చేసి వచ్చేసరికి గురువు బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూత పక్కన పెట్టి ఉంది. ఆయన తీరిగ్గా సూదుల పొట్లం తీసి మొలలో దోపుకున్నాడు. దారపుండలు అలాగే ఉంచాడు. బట్టలారేసే తాడు తీసి పక్కన పడేశాడు, క్లిప్పులు మాత్రం ఉంచాడు. టీ పొడి, చక్కెర డబ్బాలు కదపకుండా నీళ్లు కాచుకునే కెటిల్ బయటికి లాగాడు.

రంగస్వామి తడి తువ్వాలుతోనే బుట్ట దగ్గరికి పరిగెత్తాడు.

"బరువెక్కువైంది రంగసామీ," అన్నాడు గురువు.

అని, లేచి వంటపాకలోకి వెళ్లి కారప్పొడి డబ్బా పట్టుకొచ్చాడు. మఠంలో ఇరవై మందికి వడ్డించే డబ్బా అది. సూదీ తాడూ కెటిలూ కలిపి తూచినా దాని ముందు దిగదుడుపే. అది చాలదన్నట్టు పౌర్ణమి ప్రసాదానికని చేయించిన వేరుశనగ ఉండలు గుడ్డలో మూటగట్టి దాని మీద పెట్టాడు. మూత సగానికే పడింది. పైన నార వేసి బిగించాడు.

"ఒక్క పిల్ల ఇన్ని ఎట్టా తింటదయ్యా? మెత్తబడిపోవా?"

"పోతే నన్నడుగు."

రంగస్వామి ఆ నార వదులు చేసి, జాబితాలో మూడు చోట్ల గీత కొట్టాడు. ఆరేళ్లలో మొదటిసారి అతనికి గురువు మీద కోపం వచ్చింది. పెద్దాయనకి మతి తప్పుతోందేమోననే అనుమానం కూడా వచ్చింది. అంత మాట అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు గానీ కోపం మాత్రం పోలేదు. ఒక పిల్ల బతుకు ఈ బుట్ట మీద ఆధారపడి ఉంటే ఈయనకి బరువు గుర్తొచ్చిందా అని లోపల ఉడికిపోయాడు.

బస్టాండులో బుట్టని బస్సు మీదికి ఎక్కించి, పక్కనే ఉన్న ఫ్యాన్సీ కొట్టులో సూదుల పొట్లం ఒకటి కొన్నాడు. కిటికీ దగ్గర బాలకోటమ్మ కూర్చుంది. తల్లి కింద నిలబడి, ఏడవకూడదని పెదవి కొరుక్కుంటోంది. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నీ పెట్టినావా బాబాయ్?" అని అడిగింది.

పొట్లం గుప్పిట్లో ఉంది. గురువు తీసింది శిష్యుడు పెట్టొచ్చా? పెట్టకపోతే ఈ పిల్ల అక్కడ రవిక చిరిగితే ఎవర్ని అడుగుతుంది? మనుషుల ముఖం చూసి మాట్లాడటమే రాని పిల్ల. అతను అటూ ఇటూ తేల్చుకోలేక, "పెట్టినానమ్మా," అన్నాడు. అంతలో బస్సు కదిలింది. నిజం చెప్పాలంటే ఆ రోజు గురువు మాట నిలబెట్టింది శిష్యుడు కాదు, ఆ డ్రైవరు.

తర్వాత వారం రోజులు రంగస్వామి అన్నం ముందు కూర్చోవడం, తినకుండానే లేవడం. వంటపాకలో కెటిల్ కనబడితే ముఖం తిప్పుకునేవాడు. ఆ పిల్ల టీ పొడి ముందేసుకుని కూర్చున్నట్టు, తడిబట్టలు చేత్తో పట్టుకుని గది మధ్యలో నిలబడినట్టు అతనికి కళ్లకి కట్టేది. గురువు మాత్రం మామూలుగానే వెదురు చీల్చుకుంటున్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఎవరితోనూ చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్లాడు. కర్నూలు బస్సు రెండున్నరకి వచ్చింది. ఒక ముసలాయన దిగాడు, ఎరువుల బస్తాతో ఒక రైతు దిగాడు. తలుపు మూసుకుంది. బస్సు పైన బుట్ట ఉందేమోనని రంగస్వామి తలెత్తి చూశాడు. అరటి గెలలున్నాయి. రేపటి బస్సుకి రావచ్చునని తనకి తనే చెప్పుకుని మఠానికి తిరిగొచ్చాడు. మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఓబులయ్య, బస్సు వేళకి వస్తోందా అని మాత్రం అడిగేవాడు.

పన్నెండో రోజున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"బాబాయ్, నేను," అంది బాలకోటమ్మ. "ఇది పక్క రూమామె ఫోను. కారప్పొడి ఇంకా ఉందా మఠంలో?"

నెలకి సరిపడేదానికి మూడింతలు పెట్టాం గదమ్మా అన్నాడు రంగస్వామి. అయిపోయిందంది. అందరూ తినేశారట. ఉండలైతే రెండో రోజుకే లేవట. రంగస్వామికి ఆ మాటలు చెవికెక్కలేదు. పన్నెండు రోజులుగా గుండెల్లో గుచ్చుకుంటున్నది ముందు బయట పెట్టుకున్నాడు.

"సూది పెట్టలేదు తల్లీ. తాడు, కెటిల్ కూడా. నా తప్పే."

"అవా? పక్క రూములో తెచ్చుకున్నాలే. టీ వాళ్లకాడే కాస్తన్నాం. తాడు పైన వరండాలో సీనియర్లది ఉంది, మొదటిరోజు అడగడానికే చచ్చేంత భయమేసింది గానీ..."

ఆ భయం తర్వాత ఏమైందో చెప్పబోతుండగా వెనక నుంచి ఎవరో ఆడపిల్ల గట్టిగా కేకేసింది. ఆఁ వస్తన్నా అని ఇటు ఫోన్లోనే అటు బదులిచ్చి, మళ్లీ చేస్తా బాబాయ్ అంటూ పెట్టేసింది.

రంగస్వామికి పిల్ల అక్కడే నిలిచిందన్న సంతోషం ఒక పక్క. ఏడాదంతా తను కాళ్లరిగేలా తిరిగి సేకరించిన అరవై ఒక్క వస్తువుల్లో ఒక్కదాని గురించి కూడా మంచి ముక్క అనలేదన్న చిన్నబుచ్చుకోవడం ఒక పక్క. రెండోదే ముందుగా నోటికొచ్చింది, మనిషన్నాక అంతే. చావడిలోకి వెళ్లి గురువు ముందు చెప్పుకున్నాడు.

"పన్నెండు రోజులకి ఫోన్ చేసిందయ్యా. మీరెట్టున్నారని లేదు, నేనెట్టున్నానని లేదు, తల్లి ఊసు లేదు. కారప్పొడి కావాలంట. చెప్పే మాట పూర్తి గాకుండానే ఎవరో కేకేస్తే పరిగెత్తింది."

"ఏమని కేకేసినారు?"

"కోటీ, రావే, అన్నం అయిపోతది అని."

ఓబులయ్య వెదురు దబ్బ చీల్చడం ఆపి తలెత్తాడు.

"కోటి ఎవరు?"

"ఇంకెవరయ్యా, మన..."

అంటూనే రంగస్వామి ఆగిపోయాడు. మఠంలో గానీ, పల్లెలో గానీ ఎవరూ, చివరికి కన్నతల్లి కూడా ఆ పిల్లని ఎన్నడూ అలా పిలిచి ఎరగరు.

అతని కళ్లు నిండాయి. గురువు మళ్లీ కత్తి అందుకున్నాడు.