పెట్టెలోని దగ్గు

నేను గేదెని. గంగరాజు మొక్కజొన్న చేలో పశువుల పాక ముందు నన్ను గుంజకి కట్టేస్తారు. కట్టేసినదానికి చూడటం తప్ప పనేముంటుంది? అందుకే జరిగినదంతా చూశాను. చూసి ఊరుకున్నాను. నా బాధంతా ఆ ఊరుకోవడం గురించే.

మా చేనుకి కాపలా కర్రోడు. నల్ల కుక్క, గట్టి గొంతు. చిలకలైనా, కోతులైనా, అడవిపందులైనా వాడి అరుపు వింటే పరారే. మేక పుల్లమ్మ కూడా వాడున్నాడన్న ధైర్యంతోనే పిల్లని గట్టు మీద వదిలి మేసేది. మూడు పిల్లల్లో రెండు జబ్బు చేసి పోగా దానికి మిగిలింది ఆ ఒక్క బుల్లే.

ఈ ఏడు గంగరాజు బజారు నుంచి ఒక పెట్టె తెచ్చాడు. ఎండతో నడుస్తుందట, మూతికి మైకు. అందులో మనక్కావలసిన అరుపు పట్టి పెట్టుకోవచ్చట. కర్రోడి ముందు చీపురు ఆడించి నాలుగుసార్లు మొరిగించాడు. తర్వాత తను కూడా "హోయ్! హోయ్!" అని కేకలేశాడు. అంతలో పాడు చుట్టదగ్గు తగులుకుంది. ఖళ్ ఖళ్ మని దగ్గాడు. ఆ దగ్గు కూడా పెట్టెలోకి ఎక్కింది.

దగ్గు తీసేద్దామని మీటలన్నీ నొక్కాడు. ఒకటి నొక్కితే రెట్టింపు అరిచింది. ఇంకొకటి నొక్కితే హిందీలో ఏదో చెప్పింది. మూడోది నొక్కితే మొత్తానికే నోరు మూసుకుంది. దాని నోరు మళ్ళీ తెరిపించేసరికి మధ్యాహ్నమైంది. "పోన్లే, దగ్గితే మనిషున్నాడనుకుంటాయి" అని తనకి తనే సర్దిచెప్పుకుని, పెట్టెని చేను మధ్యలో కర్రకి తగిలించి, కర్రోణ్ణి తెచ్చి నా వెనక గొలుసుతో కట్టేశాడు.

"నేనేం తప్పు చేశాను పెద్దమ్మా?" అన్నాడు కర్రోడు.

"తప్పేం లేదురా. నీ పని అది చేస్తుందంట."

"అది అరిచేది నా గొంతుతోనే కదా! మరి నన్నెందుకు కట్టేయడం?"

నాకేం తెలుసు? నెమరేస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి పొద్దస్తమానం అదే గోల. నాలుగు మొరుగులు, రెండు హోయ్‌లు, ఒక దగ్గు. మళ్ళీ మొదలు. వారం తిరక్కుండానే చిలకలు ఆ పెట్టె నెత్తినే కూర్చుని గింజలు వలుచుకున్నాయి. కర్రోడు చూడలేక గొలుసు కొరికేవాడు.

ఇక మా గోరింక సంగతి. ఏ గొంతైనా ఇట్టే పట్టేస్తుంది. ఒక సాయంత్రం పాక చూరు మీద కూర్చుని పెట్టె అరుపుని అచ్చంగా దించేసింది. నాలుగు మొరుగులు, రెండు హోయ్‌లు, ఆపైన ఒళ్ళంతా కుదుపుకుంటూ గంగరాజు దగ్గు. పుల్లమ్మ పడీపడీ నవ్వింది. కోళ్ళు నవ్వాయి. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు, బాగా చేసింది.

ముళ్ళకంచె అవతల నుంచి ఇంకో నవ్వు వినిపించింది. నక్క!

"ఆహా! ఏం కళ తల్లీ!" అంది నక్క. "ఈ పల్లెటూరి చేలో పడి ఉన్నావు గానీ, నీకు అడవంతా చప్పట్లు కొట్టాలి. ఇంకోసారి, ఇంకోసారి!"

"దగ్గరికి రానివ్వకండి దాన్ని!" అని కర్రోడు గొలుసు తెంపుకునేలా అరిచాడు.

నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. "నేను కంచె దాటానా పుల్లమ్మా? నవ్వుకోడానికి వచ్చాను. అయినా ఈ కుక్కకి పెట్టె మీద అసూయ. గమనించావా, వాడు కూడా పెట్టెలాగే అరుస్తున్నాడు. దగ్గొక్కటే తక్కువ!"

అందరూ గొల్లున నవ్వారు. అంతే, కర్రోడి పేరు 'దగ్గు తక్కువోడు' అయింది. వాడు నోరు తెరిస్తే చాలు, గోరింక చూరు మీద నుంచి ఖళ్ ఖళ్ మని పూర్తి చేసేది.

రోజూ సాయంత్రం ఇదే వేడుక. నక్క తప్పకుండా వచ్చేది, వచ్చిన ప్రతిసారీ కంచెకి ఇంకాస్త దగ్గరగా కూర్చునేది. "ఈ రోజుల్లో దేన్నీ మనసుకి పట్టించుకోకూడదు చెల్లీ" అని పుల్లమ్మకి నేర్పింది. "పెట్టె అరిచినా నవ్వు, కుక్క అరిచినా నవ్వు. భయపడేది పాతకాలం వాళ్ళే."

"నా మాట విను పుల్లమ్మా" అన్నాడు కర్రోడు. "పెట్టెకి కళ్ళు లేవు. నాకున్నాయి."

"అబ్బా, మొదలెట్టాడమ్మా!" అంది పుల్లమ్మ.

ఒక సాయంత్రం నక్క రాలేదు. బుల్లి గట్టు మీద గెంతుతోంది. "ఇవాళ మన నక్క రాలేదేం, ఒంట్లో బాగాలేదేమో" అని పుల్లమ్మ బెంగపడింది కూడా.

అప్పుడు మొరుగు వినిపించింది. నాలుగుసార్లు.

"ఆగండాగండి!" అని గోరింక రెక్క ఎత్తింది. "నవ్వొద్దు. దగ్గు వచ్చాక అందరం ఒక్కసారి నవ్వుదాం."

అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మళ్ళీ మొరుగు. మళ్ళీ. హోయ్ లేదు, దగ్గు లేదు. పెట్టె నా ముందుంది. అరుపు నా వెనక నుంచి వస్తోంది. అయ్యో, నాకు తెలిసింది! వాడి గొంతులో ఏడుపు కూడా తెలిసింది. అయినా అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉంటే నేనొక్కదాన్నే పాతకాలం ముసలిదానిలా అరవడమెందుకని ఊరుకున్నాను. ఒక్క అరుపు అరిచి ఉంటే పుల్లమ్మ తల తిప్పేది.

దగ్గు రాలేదు. గట్టు మీద "మే" అని సగం పిలుపు వినిపించింది. పుల్లమ్మ తల తిప్పేసరికి మొక్కజొన్న ఆకులు కదులుతున్నాయి. బుల్లి లేదు.

గంగరాజు ఇరవై అడుగుల దూరంలోనే, బోరు దగ్గర ఉన్నాడు. పుల్లమ్మ ఏడుపు విని పరుగెత్తుకొచ్చి, గట్టు మీద నెత్తురు చూసి, కర్రోడి వైపు తిరిగాడు. "ఇంత జరుగుతుంటే ఒక్కసారైనా మొరగలేదేంట్రా దరిద్రుడా!" అన్నాడు. ఆయనా విన్నాడు మరి. పెట్టె అనుకున్నాడు.

మర్నాడు గొలుసు విప్పితే కర్రోడు లేచి తిరిగాడు గానీ, ఆ తర్వాత మాలో ఎవరూ వాడి అరుపు వినలేదు. గోరింక ఎవరి గొంతూ పట్టడం మానేసింది. నక్క మళ్ళీ ఇటు రాలేదు, దానికి కావలసింది దొరికిందిగా.

పెట్టె మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. అది మొరిగినప్పుడల్లా పుల్లమ్మ మేత వదిలేసి గట్టు మీదకి పరుగెడుతుంది. చెవులు నిక్కించి నిలబడుతుంది. దగ్గు వినిపించాకే తల దించుకుని వెనక్కి వస్తుంది. ఇప్పుడెవరమూ నవ్వం.

మన కోసం అరిచేవాడి గొంతుని నవ్వులపాలు చేసుకుంటే, ఆపద వచ్చిన రోజు ఆ అరుపు మన చెవికెక్కదు.