గొట్టంలో మిగిలింది

2018 వేసవిలో విశాఖపట్నంలోని ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో వామనమూర్తి అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఏది ఏం చేస్తుందో తనకు తెలియకపోతే దాన్ని చెత్త అనేసేవాడు.

ఒకరోజు నూకరాజు అనే వెల్డరు ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి సూదితో తీసిన చిన్న ముక్క ఆయన బల్ల మీదికి వచ్చింది. వామనమూర్తి దానిలోని ఆర్‌ఎన్‌ఏను బయటికి తీశాడు. ప్రోటీన్ల తయారీకి కబురు మోసే ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి పెట్టుకున్నాడు. ప్రోటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏ గొట్టంలో మిగిలింది.

తోటి శాస్త్రవేత్త హసీనా ఆ గొట్టం చూసింది. "పారబోయకండి సార్, ఫ్రీజర్లో పెడదాం."

"ఎందుకమ్మా? ఇది ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి నిద్రపోయే రకం."

"ఏం చేస్తుందో మనకింకా తెలియదు కదా సార్!"

"ఫ్రీజర్లో చోటు లేదు" అని ఆయన దాన్ని వ్యర్థాల సీసాలో ఒంపేశాడు.

వానాకాలం వచ్చింది. శరీరంలోని రక్షణ కణాలను గడ్డ మీదికి ఉసిగొల్పే మందును నూకరాజుకు ఎక్కించారు. గడ్డ తగ్గలేదు, పెరిగింది. అప్పుడే ఒక పెద్దాసుపత్రి నుంచి కబురు వచ్చింది. కొందరి గడ్డల్లో ప్రోటీన్ చేయని ఒక ఆర్‌ఎన్‌ఏ రక్షణ కణాలను అణచివేస్తోందట. దాన్ని అడ్డుకునే కొత్త మందును అక్కడ పరీక్షిస్తున్నారట. గడ్డలో అది ఉందని చూపిస్తేనే రోగిని చేర్చుకుంటారట.

"అది నిద్రపోయే రకం కాదు సార్" అంది హసీనా. "కాపలావాళ్లను నిద్రపుచ్చే రకం."

నూకరాజు గడ్డలోని ఆ ఆర్‌ఎన్‌ఏను వామనమూర్తి ఎప్పుడో ఒంపేశాడు. ఇంకో ముక్క తీయక తప్పదు. జరిగింది, ఇక జరగాల్సింది చెప్పడానికి ఆయనే నూకరాజు మంచం దగ్గరికి వెళ్లాడు.

నూకరాజు ఆయాసంలోనే నవ్వాడు. "మా ఆవిడ నిన్నటి చేపల పులుసు కూడా పారబొయ్యదు బాబూ. నా ఊపిరితిత్తిలోంచి తీసింది పారబోసీసారేటి?"

అతని భార్య పైడితల్లి నవ్వలేదు. "మళ్లీ గుచ్చుతారా? ఈ మనిషి తట్టుకుంటాడా బాబూ?"



"గుచ్చండి బాబూ" అన్నాడు నూకరాజు. "మందు దొరుకుతాదంటే గుచ్చండి."

సూది దిగింది. ముక్క వచ్చింది. కానీ సూది పోయిన దారిన గాలి బయటికొచ్చి ఛాతీలో చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. ఆ గాలి తీయడానికి పక్కటెముకల మధ్య గొట్టం వేసినా ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోలేదు.

ఈసారి వామనమూర్తి ఒక్క చుక్క కూడా ఒంపలేదు. ఆ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికాడు. దొరికింది. ఫలితం పట్టుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాడు.

"గడ్డ సంగతి సరే. ఇంత ఆయాసపడే మనిషికి కొత్త మందు ఎక్కించలేం" అన్నాడు అక్కడి డాక్టరు. "మొదటి ముక్కతోనే రావలసింది."

దీపావళికి ముందే నూకరాజు చనిపోయాడు.

మనకు తెలియనిదాన్ని పనికిరానిదని పారేయకూడదు. వామనమూర్తికి ఈ సంగతి తెలియడానికి ఒక మనిషి ప్రాణం పోయింది.