నెయ్యి వరహాలు ముక్కు

అనకాపల్లిలో నెయ్యి వ్యాపారం చేసే వరహాలుకి తన ముక్కు మీద ఉన్నంత నమ్మకం ఇంకెవరి మాట మీదా ఉండేది కాదు. డబ్బా మూత కొంచెం లేపితే చాలు, అది ఆవు నెయ్యో గేదె నెయ్యో, వెన్న నిలవదో తాజాదో చెప్పేసేవాడు. విన్నవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది గంగరాజు విసనకర్రతో విసురుకుంటూ ఉసూరుమంటున్నాడు.

"రావోయ్ బామ్మర్దీ, కారులో ఏసీ వేసుకుని కునుకు తీద్దాం," అన్నాడు వరహాలు.

కారు షెడ్డులో ఉంది. వరహాలు ఇంజను వేసి, వడగాలి రాకుండా షట్టరు నేలదాకా దించబోయాడు.

"ఏవండీ, సగమైనా ఎత్తి ఉంచండి. పొగంతా లోపలే తిరుగుతుంది," అంది భార్య నూకరత్నం.

"పొగొస్తే నా ముక్కుకి తెలీదేటే? వీధి చివర పాలు మాడితే ఇక్కణ్ణుంచి చెబుతాను!"

గంగరాజు నవ్వాడు. "ఊరుకోవే అక్కా! బావ ముక్కు పక్కనుండగా నాకేటి భయం? దానికో బంగారు తొడుగు చేయించు."

షట్టరు దిగింది. లోపల హాయిగా, చల్లగా ఉంది. కాసేపటికి గంగరాజు, "బావా, తల దిమ్ముగా ఉందేటి?" అన్నాడు.

వరహాలుకీ అలాగే ఉంది. గట్టిగా గాలి పీల్చి చూశాడు. కొత్త సీట్ల వాసన తప్ప ఏమీ తగల్లేదు.

"పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకున్నావు మరి. పడుకో," అన్నాడు.

గంగరాజు బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు.

నూకరత్నం మజ్జిగ తెచ్చి షట్టరు తట్టింది. లోపల ఇంజను చప్పుడే తప్ప మనిషి పలుకు లేదు. ఇరుగుపొరుగుని కేకేసింది. వాళ్లు షట్టరు ఎత్తి, ఇద్దర్నీ బయటికి లాగి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

వరహాలు కళ్లు తెరిచాడు. గంగరాజు తెరవలేదు.

"వాసన రాలేదమ్మా, నిజంగా రాలేదు," అని వరహాలు డాక్టరమ్మతో పదే పదే అన్నాడు.

"రాదండీ," అందామె మెల్లగా. "బండి పొగలో ఒక విషవాయువు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల దిమ్మెక్కగానే బయటికి వచ్చేయాల్సింది."

గుమ్మంలో నూకరత్నం తమ్ముడి చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. భర్తని ఒక్క మాటా అనలేదు. ఒక్క మాటైనా అంటే బాగుండునని వరహాలుకి అనిపించింది.

మన నేర్పు ఎంత గొప్పదైనా దానికి అందనిది ఒకటి ఉంటుంది పిల్లలూ. అందుకే జాగ్రత్త చెప్పినవాళ్ల మాట వినాలి, తలుపులు మూసిన చోట బండి ఇంజను ఎన్నడూ నడపకూడదు.